ముందు సీటు ఇరుకు

పళ్ళ డాక్టరుగారి కారు మీద గోడ కూలితే పళ్ళ డాక్టరుగారు ఏడవలేదు. ఏడ్చినంత పని చేసింది మా ఆయన.

ఆ ఏడు వానలు మొదలవడమే తిక్కతిక్కగా మొదలయ్యాయి. ఎడతెరిపి లేకుండా కురిసేసరికి మా వీధి చివరి పాత ప్రహరీగోడ నానిపోయి, పక్కనే ఆపి ఉన్న డాక్టరుగారి కారు మీద ఒరిగిపోయింది. అది కూడా మా కారులాగే ముసలిది, ముచ్చటపడి కాపాడుకుంటున్నది. బీమా ఉంది కదా అని ఆయన నిబ్బరంగానే ఉన్నాడు. తీరా కంపెనీవాళ్ళు వచ్చి, అన్నేళ్ళ బండికి లెక్క ప్రకారం ఇంతే వస్తుందని చెప్పి, పాత ఇనుము కొనేవాడు ఇచ్చేపాటి సొమ్ము చేతిలో పెట్టి వెళ్ళారు. డాక్టరుగారు రెండు రోజులు అందర్నీ తిట్టి, ఆ తర్వాత కొత్త కారు కొనుక్కున్నాడు.

మా ఆయన మాత్రం తేరుకోలేదు. ఆయనకి కళ్ళజోళ్ళ షాపు ఉంది. ఆ కబురు విన్న రోజు, చూపు పరీక్షకి వచ్చిన మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, ఒక కన్ను మూసుకోమని చెప్పి, అలాగే మర్చిపోయి ఇంటికి వచ్చేశాడు. షెడ్డు తలుపు తీసి కారు పక్కన చాలాసేపు నిలబడ్డాడు.

"మనదానికీ అంతేనా?" అన్నాడు. నాతో కాదు, కారుతో.

ఆ కారు గురించి చెప్పాలంటే అక్క గురించి చెప్పాలి. అక్క అంటే మా ఆయన మొదటి భార్య. నాకన్నా చిన్న వయసులోనే వయసు ఆగిపోయిన మనిషి. అయినా వరస ప్రకారం నాకు అక్కే. కారు ఆవిడది. లేత ఆకుపచ్చ రంగు, గుండ్రటి దీపాలు, గేరు స్టీరింగు పక్కనే ఉంటుంది. ఇప్పటి కార్లలాగా ముందు రెండు సీట్లు విడివిడిగా ఉండవు. ఒకటే సీటు, బల్లలా ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా. జరిపితే మొత్తం జరగాలి.

అక్క పొట్టి. పెడళ్ళు అందడం కోసం ఆ బల్ల సీటుని బాగా ముందుకి లాక్కునేదట. మా ఆయనేమో గుమ్మం కనిపిస్తే చాలు తల వంచే మనిషి, అంత పొడుగు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఆయన స్టీరింగు ముట్టుకోలేదు. ఆవిడ నడుపుతూంటే పక్కన మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చునేవాడు. హాల్లో ఒక ఫోటో ఉంది. కారు ముందు అద్దంలోంచి తీసింది. ఆవిడ రోడ్డు వైపు చూస్తోంది. ఆయన మడిచి పెట్టిన మడతకుర్చీలా ఉండి కూడా పగలబడి నవ్వుతున్నాడు. నా కాపురంలో ఆయన అంత నవ్వు నవ్వడం నేను చూడలేదు.

ఆవిడ పోయాక డ్రైవింగు నేర్చుకున్నాడు. సీటు మాత్రం వెనక్కి జరపలేదు. బిగుసుకుపోయిందని చెప్పేవాడు. స్టీరింగుకి అటొక మోకాలు, ఇటొక మోకాలు పెట్టుకుని, ఏ మలుపు వచ్చినా ముందు కాలు పక్కకి తప్పించి ఆ తర్వాత చక్రం తిప్పేవాడు. పక్కన ఆయన కూతురు. తండ్రి పోలికే, తాడిచెట్టంత ఎదిగింది. ఆ పిల్ల కూడా కాళ్ళు మడుచుకునే కూర్చునేది. నేను వెనక సీట్లో. ముందు సీటు అంత ముందుకి ఉంటే వెనక ఎంత చోటు ఉంటుందో ఊహించుకోండి. కాళ్ళు చాపుకోవచ్చు, కావాలంటే పడుకోవచ్చు. మహారాణీ భోగం. మనుషులు చోటు కోసం పోట్లాడుకుంటారు గానీ, ఇరుకు కోసం ఇంత ఆశపడ్డది నేనొక్కదాన్నేనేమో. ఆ రెండు జతల మోకాళ్ళ పక్కన నాకూ ఒక జానెడు దొరికితే బాగుండునని ఎన్ని ఆదివారాలు అనుకున్నానో.

ఆ వానాకాలం చివర పిల్ల పై చదువుకి వేరే ఊరు వెళ్ళాలి, హాస్టల్లో చేరాలి. అమ్మ కారులోనే వెళ్తానని పట్టుబట్టింది. సరైన బీమా లేకుండా ఈ బండి అంత దూరం తియ్యనని మా ఆయన భీష్మించుకున్నాడు. ఇద్దరూ ఒక తానులో ముక్కలే. చివరికి డాక్టరుగారే ఉపాయం చెప్పాడు. ఇలాంటి పాత బళ్ళకి వేరే రకం బీమా ఉందట. బండి పోయాక లెక్కలు తియ్యడం కాదు, ముందే మనమూ వాళ్ళూ కూర్చుని దీని విలువ ఇదీ అని ఒప్పుకుంటాం. రేపు ఏదైనా అయితే ఆ ఒప్పుకున్న సొమ్ము మారు మాట్లాడకుండా ఇస్తారు. తన కారు పోయాక తెలిసిందని డాక్టరుగారు నిట్టూర్చాడు.

అలా విలువ కట్టే ఆయన మా ఇంటికి వచ్చాడు.

నడివయసు మనిషి, మెత్తటి మాట. కారు చుట్టూ తిరిగి, అంతా చూసి, చాప పరుచుకుని కిందకి దూరి, టార్చి వేసి ఎక్కడెక్కడ తుప్పు ఉందో చూశాడు. దీపాలు వేయించాడు, హారను కొట్టించాడు. బండిని బాగా చూసుకున్నారని మెచ్చుకున్నాడు. మా ఆయన ముఖం చూడాలి అప్పుడు, పరీక్షలో కూతురు ఫస్టు వచ్చినట్టు వెలిగిపోయింది. అంతవరకూ బాగానే నడిచింది. ఆ తర్వాత ఆయన ముందు సీటు జరపమన్నాడు.

"అది జరగదండీ," అన్నాడు మా ఆయన. "ఎప్పుడో బిగుసుకుపోయింది."

ఆయన మళ్ళీ టార్చి వేసి సీటు కిందకి వంగి చూశాడు. లేచి చేతులు దులుపుకుని, నెమ్మదిగానే చెప్పాడు. "బిగుసుకుపోలేదండీ. ఎవరో తీగతో కట్టేశారు."

పిల్ల తండ్రి వైపు చూసింది. ఆ పిల్లకీ తెలియదు ఆ సంగతి. చిన్నప్పట్నుంచీ ఆ సీటులో కాళ్ళు మడుచుకుని కూర్చుంటూ, తుప్పు పట్టి ఆగిపోయిందనే అనుకుంటూ వచ్చింది.

"మెకానిక్కుకి ఇచ్చినప్పుడల్లా ఎవడో ఒకడు వెనక్కి తోసేస్తాడండీ," అన్నాడు మా ఆయన చివరికి. "ఒకసారి జరిపేస్తే, మళ్ళీ సరిగ్గా ఎక్కడుండేదో ఎలా తెలుస్తుంది?"

విలువ కట్టే ఆయన మంచివాడు, నవ్వలేదు. మోకాళ్ళు స్టీరింగుకి అడ్డం వచ్చే బండికి కంపెనీ ఒప్పుకోదనీ, రేపు ఏదైనా జరిగితే మొట్టమొదట పట్టుకునేది దాన్నేననీ వివరంగా చెప్పాడు. సీటు కదిలేటట్టు చేస్తేనే మళ్ళీ వస్తానన్నాడు. సరే, విలువ మాట మాట్లాడుకుందామని, మీరెంత అనుకుంటున్నారని అడిగాడు.

మా ఆయన ఒక అంకె చెప్పాడు. రాసుకుంటున్నవాడల్లా రాయడం ఆపి తలెత్తాడు. ఆ డబ్బుతో రెండు కొత్త కార్లు వస్తాయి. కాకిపిల్ల కాకికి ముద్దు, ఆ ముద్దుకి బీమా కంపెనీ డబ్బు కట్టదు కదా.

నేను లోపలికి వెళ్ళి, టీ గ్లాసులు పట్టుకుని మళ్ళీ షెడ్డు గుమ్మంలోకి వచ్చేసరికి ఇంకా ఆ మాటే నడుస్తోంది.

"చూడండి, ఇందులో పెద్ద లెక్కేం లేదు," అంటున్నాడు విలువ కట్టే ఆయన. "ఇది పోయిందనుకోండి. ఇలాంటిది ఇంకోటి తెచ్చుకోడానికి మీకు ఎంత అవుతుందో, అదే దీని విలువ."

మా ఆయన కారు తలుపు మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నాడు. "ఇంకోటి తెచ్చుకున్నంత మాత్రాన దీని చోటు నిండుతుందా అండీ?" అన్నాడు.

విలువ కట్టే ఆయన నన్ను చూశాడు, చూసి తల వంచుకుని కాగితాలు సర్దుకున్నాడు. పిల్ల కూడా నన్ను చూసింది. చూడనిది మా ఆయన ఒక్కడే. ఊరందరి చూపూ సరిచేసే మనిషి. నేను టీ చల్లారకుండా అందరికీ ఇచ్చాను. చుక్క తొణకలేదు. ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీయడం నా ఉద్యోగం, అక్కడ మనిషి కదిలితే ఫోటో చెడిపోతుంది.

వెళ్ళేముందు ఆయన ఇంకో ప్రశ్న అడిగాడు. బండి ఎవరెవరు నడుపుతారు? ఈ రకం బీమాలో ముందే పేర్లు చెప్పాలట, చెప్పినవాళ్ళు నడిపితేనే చెల్లుతుందట.

"నేనొక్కణ్ణే," అన్నాడు మా ఆయన.

"పిన్ని ఆసుపత్రి వ్యాను నడుపుతుందిగా నాన్నా," అంది పిల్ల. నిజమే. వారానికోసారి ఎక్స్‌రే మిషను ఉన్న వ్యాను వేసుకుని ఊరి బయటి క్లినిక్కులకి నేనే వెళ్తాను. సీటు మీద దిండు వేసుకుని మరీ నడుపుతాను.

"అది వేరు, ఇది వేరు," అన్నాడాయన.

ఆ తర్వాత చాలా రోజులు వాన ఒకపక్క, మా ఆయన మౌనం ఒకపక్క. బట్టలు ఆరవు, మాటలు కదలవు. తను చెప్పిన విలువే విలువ, సీటు జరపనే జరపను, తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. పిల్ల పెట్టె సర్దుకుంటూ, మళ్ళీ తీస్తూ, మళ్ళీ సర్దుతూ తిరిగేది. బస్సులో వెళ్ళమంటే ముఖం మాడ్చుకునేది. ఇద్దరి మధ్యా నేను ఆకాశానికీ భూమికీ కాకుండా ఉండేదాన్ని.

నాకు కోపం రాలేదని చెప్పను. వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియలేదు. బతికున్న మనిషైతే పోట్లాడొచ్చు, నాలుగు మాటలు అనొచ్చు, నాలుగు పడొచ్చు, చివరికి ఇద్దరూ కూర్చుని ఆయన్ని తిట్టుకోవచ్చు. పోయినావిడతో ఏం పోట్లాడతాను? పైగా ఆవిడ నాకేం అపకారం చేసిందని? పిల్లని కని ఇచ్చింది, ఇల్లు అమర్చి ఇచ్చింది, ఆ మనిషికి అంత నవ్వు ఇచ్చింది. ఆ నవ్వు తనతో తీసుకుపోయిందన్న ఒక్కటే నా ఫిర్యాదు. రోజూ ఆసుపత్రిలో అందరికీ "గాలి గట్టిగా పీల్చి బిగబట్టండి" అని చెబుతాను. ఫోటో తియ్యగానే వదిలెయ్యమంటాను. ఇంట్లో నేను బిగబట్టిన గాలి వదలమని చెప్పేవాళ్ళు ఎవరూ లేకపోయారు.

ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. షెడ్డులోకి వెళ్ళి, సొంత ఇంట్లో దొంగలాగా అటూ ఇటూ చూసి, కారు తలుపు తీసి స్టీరింగు ముందు కూర్చున్నాను. ఆ ఇంటికి వచ్చాక అక్కడ కూర్చోవడం అదే మొదలు. సీటు మెత్తగా కుంగింది. చక్రం చేతికి చక్కగా అందింది. కాలు చాపాను. క్లచ్ పెడలు మునివేళ్ళకి తగిలింది గానీ పాదం ఆనలేదు. ఇంకొక్క అంగుళం కావాలి. అంటే అక్క నాకన్నా కాస్త పొడుగన్నమాట. ఆ ఇంట్లో ఆవిడ గురించి నాకు ఎవరూ చెప్పకుండా తెలిసిన సంగతి అదొక్కటే. ఎందుకో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ కట్టేసిన సీటులో ఆవిడకి సరిపోయిన చోటు ఉంది, నాకు సరిపోయే చోటు లేదు. దిగి, నా చీర ముడతలు సర్దుకుని, సీటు మీది ముడతలు కూడా సర్ది వచ్చేశాను.

ఆ వారంలోనే, వంటింటి వెనక వసారాలో తడిబట్టలు తీగ మీద వేస్తూంటే లోపల తండ్రీకూతుళ్ళ మాటలు వినిపించాయి. ఇద్దరూ భోజనాల బల్ల దగ్గర ఉన్నారు. నేను చాటుగా వినాలని వినలేదు. అయితే బట్టలు వేయడం ఆపేసిన మాట నిజం.

"నాన్నా, ఆ రోజు పిన్ని అక్కడే ఉంది. టీ పట్టుకుని," అంది పిల్ల.

"ఏ రోజు?"

"ఇంకోటి తెచ్చుకుంటే దీని చోటు నిండుతుందా అన్నావే, ఆ రోజు."

కంచంలో చెంచా పెట్టిన చప్పుడయింది. "నేను కారు గురించి అన్నాను," అన్నాడాయన.

"నాకు తెలుసు," అంది పిల్ల. "పిన్నికి తెలుసా?"

కుర్చీ జరిగింది, పిల్ల లేచి వెళ్ళిపోయింది. ఆయన ఎంతసేపటికీ లేవలేదు. నేను చేతిలో తడి తువ్వాలు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఆ పిల్ల నన్ను మొదటి ఏడాదంతా "ఆవిడ" అనేది. నా ముందు కూడా "ఆవిడకి చెప్పు నాన్నా" అనేది. అలాంటి పిల్ల నా తరఫున మాట్లాడింది. నా తరఫున ఆ ఇంట్లో ఒక మనిషి మాట్లాడడం ఎంత బాగుందో, ఆ మనిషి ఇంకొన్నాళ్ళలో వెళ్ళిపోతుందన్న ఊహ అంత కష్టంగా ఉంది.

తర్వాతి సెలవు రోజున వాన కాస్త తెరిపిచ్చింది. నేను బియ్యం ఏరుతూంటే మా ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చాడు, అలవాటుగా తల వంచి.

"ఇదిగో, ఒకసారి వచ్చి టార్చి పట్టుకుంటావా?" అన్నాడు.

వెళ్ళాను. కారు తలుపులు రెండూ తెరిచి ఉన్నాయి. ఆయన నేల మీద పడుకుని సీటు కింద చెయ్యి పెట్టడానికి చూశాడు. ఆ పొడుగు చెయ్యి మణికట్టు దాటి దూరలేదు. రెండుసార్లు ప్రయత్నించి, వేళ్ళు గీరుకుని, లేచి కూర్చున్నాడు.

"కట్టేటప్పుడు సన్నగా ఉండేవాణ్ణి," అన్నాడు సిగ్గుపడుతూ. ఆ తర్వాత నా చేతుల వైపు చూశాడు. "నీ చెయ్యి చిన్నది."

టార్చి ఆయనకిచ్చి నేను చాప మీద పడుకున్నాను. నా చెయ్యి తేలిగ్గానే వెళ్ళింది. రాగి తీగ, నల్లబడిపోయింది. సీటుని అది జరిగే ఇనప పట్టాకి కలిపి చుట్టుకి చుట్టు ఆనేలా ఒద్దికగా చుట్టాడు. కొసలు ఎవరి చేతికీ గుచ్చుకోకుండా లోపలికి మడిచాడు. కళ్ళజోడు కమ్మీలు వంచే చేతుల పని అది. పడుకుని ఆ చుట్లని వేళ్ళతో తడుముతూంటే నాకు ఆవిడ మీద అసూయ కలిగింది. దాచుకోవడం దేనికి, కలిగింది. నేను కూర్చున్న చోటు ఎక్కడ చెరిగిపోతుందోనని ఎవరైనా నాకోసం ఇంత జాగ్రత్తగా ఏదైనా కడతారా అనిపించింది.

"విప్పనా?" అన్నాను.

టార్చి వెలుగు కొంచెం కదిలింది.

"ఆగు," అన్నాడు.

ఆగాను. అప్పటిదాకా గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్న పిల్ల ఇంట్లోకి వెళ్ళి, గోళ్ళ రంగు సీసా పట్టుకొచ్చింది. నా పక్కనే బోర్లా పడుకుని, సీటు ఎక్కడి దాకా ఉందో అక్కడ, కింది పట్టా మీద ఎర్రగా ఒక గీత గీసింది. ఆరేదాకా ఊదింది.

"ఇంక విప్పు," అన్నాడు మా ఆయన.

తీగ అంత తేలిగ్గా రాలేదు. ఒక్కో చుట్టూ తిప్పి తిప్పి తీశాను. అంతా ఊడి వచ్చాక దాన్ని పారెయ్యడానికి మనసొప్పలేదు. చిన్న ఉండగా చుట్టి, కారులో ముందు సీటుకి ఎదురుగా ఉండే అరలో పెట్టి మూత వేశాను. ఆయన నన్ను వద్దనలేదు. సీటు మీద కూర్చుని, మీట ఎత్తి, కాళ్ళతో తన్నాడు. సీటు కీచుమంటూ వెనక్కి పోయింది. ఆయన కాళ్ళు మొదటిసారి ఆ కారులో తిన్నగా సాగాయి.

"ఎంత చోటుందో," అన్నాడు, ఎవరింటికో వచ్చిన చుట్టంలాగా. కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. అది ఎంత తుడిచినా తేటపడలేదు, తుడవాల్సింది అద్దాలని కాదు కాబట్టి. పిల్ల తండ్రి భుజం మీద చెయ్యి వేసింది. నేను బియ్యం ఏరుకోవాలని చెప్పి లోపలికి వచ్చేశాను. గెలిచినట్టు ఏమాత్రం అనిపించలేదు.

విలువ కట్టే ఆయన రెండోసారి వచ్చినప్పుడు నేను ఆసుపత్రిలో ఉన్నాను. పిల్ల చెప్పింది తర్వాత. సీటు ముందుకీ వెనక్కీ జరిపి చూసుకుని, ఆయన తన అంకె చెప్పాడట. కొత్త కారు ధరకి కాస్త ఇటుగా. మా ఆయన సరేనన్నాడట. గట్టిగా బేరం ఆడతాడని సిద్ధపడి వచ్చిన మనిషి, అవతలివాడు అంత సులువుగా ఒప్పుకునేసరికి కంగారుపడి, తనే ఇంకొంచెం పెంచాడట. పిల్ల అది చెబుతూ పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వులో ఇంకేం మాట్లాడుకున్నారని అడగడం మర్చిపోయాను.

హాస్టలుకి బయల్దేరిన రోజు మళ్ళీ వాన. పిల్ల ముందు, పెట్టెలూ పరుపుచుట్టా నేనూ వెనక. సీటు వెనక్కి జరిగింది కదా, నా మహారాణీ భోగం కూడా సగానికి తగ్గింది. దారి పొడవునా పిల్ల వాగుతూనే ఉంది. మా ఆయన కాళ్ళు చాపుకుని నడుపుతూ, మలుపు వచ్చినప్పుడల్లా అలవాటు కొద్దీ మోకాలు పక్కకి తప్పించాడు. అక్కడ తగిలేదేం లేదు.

హాస్టలు గేటు దగ్గర సామాను దింపాక పిల్ల తండ్రిని కావలించుకుంది. ఆ తర్వాత నా దగ్గరకి వచ్చి, నా చేతిలో గోళ్ళ రంగు సీసా పెట్టింది.

"గీత చెరిగిపోతే మళ్ళీ గియ్యి పిన్నీ," అంది. ఎప్పుడూ "మీరు" అనే పిల్ల. "నాన్న చాలాసేపు నడపలేడు. అలిసిపోయానని చెప్పడు. నువ్వే చూసుకో."

సరేనన్నాను. వెనక్కి వచ్చి, అలవాటుగా వెనక తలుపే తెరిచి ఎక్కాను. ఎక్కాక తెలిసింది, ముందు సీటు ఖాళీగా ఉందని. మళ్ళీ దిగి ముందుకి వెళ్ళడానికి మొహమాటం అడ్డొచ్చింది. ఆయన కారు తీశాడు. గేటు దగ్గర పిల్ల చెయ్యి ఊపుతూ ఉంది, వంపు తిరిగేదాకా కనపడింది.

ఊరు దాటాక వాన పెరిగింది. ఆయన మెడ మాత్రమే కనిపిస్తోంది నాకు. ఒక చేత్తో కళ్ళజోడు తీసి మోకాలికి తుడిచి పెట్టుకున్నాడు. కాసేపటికి మళ్ళీ తీశాడు. ఎదురుగా వచ్చిన లారీ గట్టిగా హారను కొట్టింది. ఆయన కారుని రోడ్డు పక్కకి దింపి, మూసేసిన టీ బడ్డీ ముందు ఆపాడు. కూతురు కూర్చునే చోటు వైపు చూస్తూ కూర్చున్నాడు.

"ఇదిగో," అన్నాడు ఆఖరికి. "నువ్వు నడుపుతావా?"

"నా పేరు లేదుగా బీమాలో," అన్నాను. "ఏదైనా అయితే పైసా రాదు. అది వేరు, ఇది వేరు కదా."

ఎప్పట్నుంచో నోట్లో ఉన్న మాట, ఊరుకోలేక అనేశాను. ఆయన వెనక్కి తిరగలేదు.

"రాయించాను," అన్నాడు. "మొన్న ఆయన వచ్చినప్పుడే. ఇద్దరి పేర్లూ ఉన్నాయి."

వాన ముందు అద్దం మీద పడుతూనే ఉంది. నేను దిగి, తడుస్తూ ముందుకి వచ్చాను. ఆయన పక్కకి జరిగాడు. స్టీరింగు ముందు కూర్చుంటే పెడళ్ళు ఎక్కడో దూరాన ఉన్నాయి, ఏటికి అవతలి ఒడ్డున ఉన్నట్టు. మీట ఎత్తి లాగాను. రాలేదు. ఆ బల్ల సీటు ఒక్కరు లాగితే రాదు. పక్కన కూర్చున్నవాళ్ళు కూడా నడుము పైకి ఎత్తి, అదే సమయానికి కాళ్ళతో ముందుకి లాగాలి. నాకు ఆ కిటుకు తెలియదు. ఆయనకి తెలుసు. నేను మీట ఎత్తగానే నడుము లేపి ముందుకి జరిగాడు. ఆ ఒడుపు చూస్తేనే తెలిసిపోయింది, ఆవిడ పక్కన ఎన్నిసార్లు అలా జరిగి ఉంటాడో. సీటు టకటకమంటూ ముందుకి వచ్చింది.

ఆయన వంగి కిందకి చూశాడు. సీటు ఎర్ర గీత దగ్గర ఉంది.

"ఆఁ, ఇక్కడే," అన్నాడు. ఆ గొంతులో ఎంత ఊరట ఉందో చెప్పలేను. తప్పిపోయిన మనిషి ఇంటికి వచ్చినట్టు అన్నాడు.

నేను కాలు చాపాను. మునివేళ్ళు తగిలాయి, పాదం ఆనలేదు. సీటు అంచుకి జరిగి కూర్చుంటే సరిపోతుంది. వెనక ఏదైనా మడిచి పెట్టుకుంటే సరిపోతుంది. సర్దుకోవడం నాకేం కొత్త కాదు. ఆ ఇంట్లో అడుగుపెట్టిన దగ్గర్నుంచీ చేస్తున్నది అదే. ఆయన ముఖం చూస్తే, ఆ గీత దగ్గరే ఆగిపోతే చాలు, ఇంకేమీ వద్దనిపించింది కూడా. ఒక్క క్షణం అలాగే అంచు మీద కూర్చున్నాను.

"ఇంకొంచెం కావాలి," అన్నాను.

ఆయన తల తిప్పి నన్ను చూశాడు. నా కాళ్ళని చూశాడు, కొనవేళ్ళ మీద ఆగిన పాదాన్ని చూశాడు, మళ్ళీ నా ముఖం చూశాడు. షాపులో మనిషి ముఖానికి కళ్ళజోడు సరిపోయిందో లేదో చూసే చూపు. అంత నిదానంగా ఆయన నన్ను చూడగా నేనెప్పుడూ చూడలేదు.

నేను మీట ఎత్తాను. ఆయన నడుము లేపాడు.

టక్కుమంది. గీత సీటు కిందకి వెళ్ళిపోయింది. నా పాదం నిండుగా పెడలు మీద ఆనింది. ఆయన మోకాళ్ళు ముందు అర మూతకి తగిలి, గడ్డం దాకా వచ్చి ఆగాయి. తీగ ఉన్న అర అది. ఇక ఆయన అలా కూర్చున్నంతసేపూ ఆ మూత తెరవడం కుదరదు. ఆ ఫోటోలో నవ్వినట్టు ఆయన నవ్వలేదు. ఆ నవ్వు నాది కాదు, రాదు కూడా. ఆయన భుజం మాత్రం నా భుజానికి ఆనుకుని ఉంది, తడిసి చల్లగా.

ఇంజను స్టార్టు చేశాను.

"ఇరుకుగా ఉందా?" అన్నాను.

"ఉంది," అన్నాడు.

"వెనక్కి జరుపుదామా?"

ఆయన మోకాళ్ళ చుట్టూ చేతులు వేసుకుని, వాన కారుతున్న అద్దం వైపు చూస్తూ కూర్చున్నాడు.

"వద్దు," అన్నాడు. "పోనివ్వు."